మీట ఆరు మీదే ఉంది

"మంగళవారం పొద్దున ఏడున్నరకి ఎక్కడున్నావు?"

"ఇక్కడే. ఈ గోతిలోనే. నెత్తిమీద గొర్రెలాయన జీపు, చెవిలో రేడియో. ఇదే ప్రశ్న నాలుగోసారి అడుగుతున్నావు గ్లెనిస్. జవాబు మారుతుందని ఆశా?"

"మారకూడదని."

డెంజిల్ పెత్రిక్ గ్యారేజీ గోతిలోంచి పైకొచ్చి మసిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మూడు రోజుల్లో మనిషి సగమైపోయాడు. కార్ల వెనక కొక్కేలు బిగించి, వాటిని చక్రాల మీది ఇల్లు లాంటి కారవాన్ లాగడానికి తయారు చేయడం ముప్పై ఏళ్లుగా అతని వృత్తి. ఆ పాత రాగిగనుల ఊరిలో సగం కార్లకు వెనక ఉన్నది అతని చేతి పనే. దారిలో పడ్డ బండ్లను లాక్కొచ్చే లారీ కూడా ఊరికంతటికీ అతనిదొక్కటే.

డిటెక్టివ్ సార్జెంట్ గ్లెనిస్ హారడ్ గోడ గడియారం వైపు చూసింది. పది ముప్పై అయిదు. ఆడిలేడ్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ప్రెస్కాట్ సాయంత్రం నాలుగింటికి ఈ మనిషిని అరెస్టు చేస్తాడు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం. పన్నెండేళ్ల వరకు పడుతుంది. డెంజిల్‌కి యాభై ఏడు. లోపలికి వెళ్తే తిరిగొచ్చేది ముసలివాడో, శవమో.

చచ్చిపోయిన మనిషి కోలిన్ ట్రెజైజ్, రిటైరైన స్కూలు బస్సు డ్రైవరు. కొత్తగా కొన్న కారవాన్‌ని తన ఇంటి కారుకి తగిలించుకుని ఒంటరిగా ఉత్తరానికి బయల్దేరాడు. ఎనిమిది పదికి గనుల వాలు దిగుతుంటే వెనక బండి పాము తోకలా ఊగి, బోల్తా కొట్టి, కారుని కూడా తనతో తిప్పేసింది.

"కారుకి ఏమేం చేశావో మళ్లీ చెప్పు. మొదట్నించీ."

"నువ్వు కాగితంలో రాసుకున్నావు కదా."

"నీ నోటితో వినాలి."

డెంజిల్ నిట్టూర్చాడు. "అది పిల్లల్ని స్కూలుకి దించే కారు. దాని వెనక రెండువేల మూడువందల కిలోల ఇల్లు తగిలిస్తున్నాం. కాబట్టి మొదట కారు వెనక అడుగున గట్టి ఇనుప దూలం, దానికి కారవాన్ తగిలించే ఇనుప గుండు. వెనక స్ప్రింగులు తీసేసి బిరుసువి. గేరు నూనె మరిగిపోకుండా ముందువైపు చిన్న రేడియేటరు. వెనక బండి దాటి చూడ్డానికి పొడుగు చేతుల అద్దాలు. తూకం వేయించాను. గుండు మీద రెండువందల ముప్పై కిలోలు పడింది, సరిగ్గా పడాల్సినంత. గొలుసులు రెండూ కత్తెరలా వేశాను. ఇంకేం కావాలి?"

"బ్రేకు డబ్బా."

"అదీ." అతను మసిగుడ్డను మడిచాడు, మళ్లీ విప్పాడు. "స్టీరింగు కింద, మోకాలి దగ్గర. కారు బ్రేకు తొక్కితే అది వెనక బండి బ్రేకులకి కరెంటు పంపుతుంది. ఎంత పంపాలో తిరుగుడు మీట చెప్తుంది, సున్నా నుంచి పది వరకు. ఆరు మీద పెట్టి ఇచ్చాను. ఆరు దగ్గర ఆ బండి పిల్లిలా ఆగేది."

"సున్నా మీదుంటే?"

"సున్నా మీదుంటే వెనక బ్రేకులు లేనట్టే. అంత బరువూ కారు వీపు మీదెక్కి తోస్తుంది." అతను గోతివైపు తిరిగాడు. "ఇంక చాల్లే గ్లెనిస్. పనుంది."

వాళ్లిద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. ఏడేళ్లప్పుడు డెంజిల్ అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. ఇప్పుడా చెవులు జుట్టు కింద ఉన్నాయి.

*

పోలీసు షెడ్డులో నుజ్జయిన కారు, పక్కన విరిగిన కారవాన్. ప్రెస్కాట్ మెరిసే బూట్లకు దుమ్ము తగలకుండా దూరంగా నిలబడ్డాడు. గ్లెనిస్ మాత్రం చాప పరచుకుని బండి కింద వెల్లకిలా పడుకుంది.

"మీ బెంచీ మేటు ఎలా ఉన్నాడు మేడమ్?" అన్నాడు పైనుంచి.

"తిండి మానేశాడు."

"జైల్లో భోజనం బావుంటుందిలెండి."

"మీరు తిని చూశారా?"

ప్రెస్కాట్ నవ్వలేదు. "తిరకాసేం లేదు మేడమ్. వెనక బండికి బ్రేకు పడలేదు. రోడ్డు మీద కారు టైర్ల గీతలే ఉన్నాయి. అంటే వైరు ఎక్కడో వదులు. వైరు బిగించింది పెత్రిక్. నాకింతే కావాలి."

"వైరు ఎక్కడ వదులో చూపించండి."

"అడుగంతా నలిగిపోయింది, ఎలా చూపిస్తాను?"

"నేను చూపిస్తాను. ఆ బ్యాటరీ ఇటు తోయండి. బూట్లకేం కాదు."

ఆమె కారు నుంచి కారవాన్ దాకా వైరుని వేళ్లతో తడుముకుంటూ వచ్చింది. ప్రతి మలుపులోనూ కట్టు ఉంది. ప్రతి అతుకు మీదా ప్లాస్టిక్ గొట్టం ఉంది. ఇనుముకి ఆనే చోట రబ్బరు తొడుగుంది. బోల్తా కొట్టినా ఒక్క అతుకు ఊడలేదు. కారులో బ్రేకు డబ్బాకి బ్యాటరీ తగిలించి, తిరుగుడు మీటను ఆరు మీదే ఉంచి, వెనక బ్రేకుల్ని మాత్రమే వేసే చేతిమీటను నొక్కింది. కారవాన్ నాలుగు చక్రాల్లోనూ టక్కుమని చప్పుడైంది.

ప్రెస్కాట్ మొహం మాడింది.

"వినిపించిందా? మళ్లీ నొక్కనా?"

"అక్కర్లేదు."

"ఇప్పుడు టైర్లు చూడండి. కారు టైర్లు నాలుగూ ఒకచోట చెక్కేసినట్టు అరిగాయి. కోలిన్ ప్రాణం పెట్టి బ్రేకు తొక్కాడు. కారవాన్ టైర్లు మాత్రం గుండ్రంగా ఉన్నాయి. వైరు బావుంది, డబ్బా బావుంది, చక్రాల్లో బ్రేకులు బావున్నాయి. అయినా కరెంటు వెళ్లలేదు. ఎందుకు?"

"మీరే చెప్పండి."

"ఆ క్షణంలో మీట ఆరు మీద లేదు. సున్నా మీద ఉంది."

ప్రెస్కాట్ జేబులోంచి ఫొటో తీసి ఆమె ముక్కుకి ఆనించినంత పని చేశాడు. "కళ్లద్దాలు పెట్టుకోండి. మీట ఆరు మీదే ఉంది. నా మనిషి తీసిన ఫొటో ఇది."

"ఎన్నింటికి?"

"తొమ్మిది నలభైకి."

"ప్రమాదం ఎనిమిది పదికి. మధ్యలో గంటన్నర."

"అయితే ఎవరో వచ్చి తిప్పారంటారు. ఎవరు? గనిలో దెయ్యమా?"

గ్లెనిస్ లేచి నడుం పట్టుకుంది. చేతిపుస్తకం తెరిచింది. మంగళవారం పొద్దున ఆరు ముప్పై అయిదుకి కోలిన్ ఇంట్లోంచి బయల్దేరాడు. ఇంటి ముందు గులకరాళ్ల మీద కారవాన్ చక్రాలు ఈడ్చుకున్న గుర్తులు రెండు, మూరెడేసి. కారవాన్ లాగేవాళ్లంతా గేటు దాటగానే చేసే పని అది. నాలుగడుగులు ముందుకి పోనిచ్చి, చేతిమీట నొక్కి, వెనక బండి పట్టి ఆపుతోందో లేదో చూసుకుంటారు. అంటే ఇంటి దగ్గర బ్రేకులున్నాయి. ఏడు ఇరవై రెండుకి హైవే మీద మెర్ల్ హోటల్ దగ్గర ఆగాడు. ఏడు నలభైకి బయల్దేరాడు. అక్కణ్నుంచి గనుల వాలు దాకా తిన్నని దారి. ఒక్క మలుపు లేదు, బ్రేకు తొక్కే పనే లేదు.

"హోటల్ దగ్గర పద్దెనిమిది నిమిషాలు ఆగాడు. మీట తిరిగింది అక్కడే. దారిలో ఆగి మళ్లీ కదిలేముందు ఈ జనం ఏం చేస్తారో తెలుసా? బండి చుట్టూ ఒక చుట్టు చుడతారు. కొక్కెం, గొలుసు, దీపాలు. బయటంతా చూస్తారు. లోపలి మీట ఎవరూ చూడరు. ఇంటి దగ్గర చూశాం కదా అనుకుంటారు. ఆ సంగతి తెలిసినవాడే చేశాడు."

"హత్య అంటారు!"

"అంటాను. ఇంకోటి. ప్రమాదాన్ని మొదట చూసిన లారీ డ్రైవరు వాంగ్మూలం చదివారా? అంతకు ముందే బండ్లవాళ్లు మాట్లాడుకునే రేడియోలో ఎవరో 'కోలిన్, పలుకు' అని మూడుసార్లు పిలిచారట. ఎవరది?"

"స్నేహితుడెవరో అయ్యుంటాడు. దారెంట రేడియోలో కబుర్లాడుకోవడం మీవాళ్లకి మామూలేగా."

"స్నేహితుడైతే ఈ మూడు రోజుల్లో వచ్చి చెప్పడా?"

ప్రెస్కాట్ ఫొటో జేబులో పెట్టుకున్నాడు. "హత్య కథ మీరే ఉంచుకోండి. నాకు కావలసింది ఒక్క కాగితం. పెత్రిక్ పనిలో లోపం లేదని రాసి సంతకం పెడతారా? పెడితే అతని మీద నా దగ్గర ఏమీ మిగలదు. ముసలాయన వాలులో జోరుగా దిగాడని రాసి కేసు మూసేస్తాను. తప్పయితే మీ ఉద్యోగం పోతుంది."

"పెన్నివ్వండి."

ఒంటిగంట పదిహేనుకి ఆమె సంతకం పెట్టింది. మూడు రోజుల్లో మొదటిసారి గుండె కాస్త తేలికపడింది. కాగితం అతని చేతికిస్తుండగా, కారు దగ్గరకి ఆ గంటన్నరలో వెళ్లినవాళ్ల పేర్లు పుస్తకంలో కనిపించాయి. ఎనిమిది పద్నాలుగు, లారీ డ్రైవరు, తన బండి దిగలేదు. ఎనిమిది నలభై ఒకటి, అంబులెన్సు, కోలిన్ని అవతలి తలుపు కోసి తీశారు. తొమ్మిది అయిదు, లాగుడు లారీ.

లాగుడు లారీ అని మాత్రమే రాసుకుంది. నడిపినవాడి పేరు రాయలేదు. ఎందుకు రాయలేదో అప్పుడామె ఆలోచించలేదు.

*

మెర్ల్‌కి డెబ్బై నాలుగు. హోటల్ గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఓపిక లేదు గానీ పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉంది.

"ఏమ్మాయ్, ఇంకా ఆ కోలిన్ గొడవేనా? చెప్పాను కదా, నాకేం కనబడలేదని. ఆ కారవాన్ని డీజిల్ పంపుల వెనక ఆపాడు. నేను పొయ్యిలో తలపెట్టి ఉన్నా."

"ఇంకో బండి ఏదైనా వచ్చిందా?"

"వస్తూనే ఉంటాయి, ఇదేం స్మశానమా? పాల ట్యాంకరు వచ్చింది. కోలిన్ పంపుకి అడ్డంగా ఉన్నాడని హారను చెవులు పగిలేలా మోగించాడు. కోలిన్ వెంటనే కదిలిపోయాడు."

"పద్దెనిమిది నిమిషాలు ఏం చేశాడు?"

"తిన్నాడు. పద్దెనిమిది నిమిషాల్లో మనిషి ఇంకేం చేస్తాడు! రెండు పేస్టీలు పట్టుకుని బయటికి పోయాడు."

కజ్జికాయలా మడిచి అంచు అల్లిన పేస్టీలు పొయ్యిలోంచి అప్పుడే దిగాయి. లోపల మాంసం, బంగాళదుంప, ఉల్లి, ముల్లంగి లాంటి టర్నిప్ దుంప. తాతల కాలంలో గనుల్లోకి దిగేవాళ్లు పట్టుకెళ్లిన తిండి. ఎవరిది ఎవరో తెలియడానికి మూలన పేరులో మొదటి అక్షరం పిండితో అతికించడం అప్పటి అలవాటు. మెర్ల్ ఇంకా మానలేదు.

"నువ్వు డెంజిల్ దగ్గరికేగా పోయేది? ఇది ఇవ్వు." ఆమె ఒక పేస్టీని కాగితంలో చుట్టింది. "పాపం మూడు రోజులుగా ఇటు రాలేదు. టర్నిప్ వెయ్యకుండా రోజుకొకటి వాడికోసమే చేస్తా. మా అమ్మ బతికుంటే చీపురు తిరగేసేది. టర్నిప్ లేనిది పేస్టీ ఏవిటే, అని. కానీ వాడికి పడదు, ఏం చేస్తాం. బళ్లో వాంతి చేసుకున్నాడట కదా?"

"నా బూట్ల మీదే," అంది గ్లెనిస్. ఇద్దరూ నవ్వారు.

"మంగళవారం మాత్రం అదీ లేకుండా పోయింది," అంది మెర్ల్ నవ్వుతూనే. "కోలిన్ 'ఆ డి అక్షరం ఉన్నది కూడా ఇవ్వు' అన్నాడు. నేను గమ్మున ఇచ్చేశా. తర్వాత అనుకున్నా, అయ్యో పదింటికి డెంజిల్ వస్తే ఏం పెట్టను అని. రానేలేదులే. ఆ ప్రమాదం దగ్గరికి పోయాడుగా."

గ్లెనిస్ నవ్వు ఆగిపోయింది.

"మెర్ల్, కోలిన్‌కి టర్నిప్ పడదా?"

"కోలిన్‌కా? టర్నిప్ తక్కువేశావని వారానికోసారి నాతో పోట్లాడేవాడు! ఎందుకూ?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే మొహం అలా పెట్టావేం, బంగారం? ఇదిగో, వేడి చల్లారకముందే ఇవ్వు వాడికి."

కారులో కూర్చున్నాక కూడా ఆమె తాళం తిప్పలేకపోయింది. ఒళ్లో పేస్టీ వేడిగా కాలుతోంది. పక్కకి పెట్టాలని తోచలేదు.

*

మూడు నలభై. డెంజిల్ బల్ల మీద పనిముట్లు వరసగా సర్దుతున్నాడు. ఊరికి దూరంగా పోయేవాడు సర్దినట్టు.

గ్లెనిస్ కాగితం విప్పి పేస్టీని అతని ముందు పెట్టింది. మూలన డి అక్షరం పైకుండేలా తిప్పింది.

"మెర్ల్ పంపింది. తిను."

"ఆకల్లేదు."

"మంగళవారం ఏడున్నరకి ఉందిగా."

డెంజిల్ చెయ్యి స్పానరు మీద ఆగిపోయింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రేడియోలో పిలిచాడు," అన్నాడు. "వెనక బ్రేకులు మరీ పట్టేస్తున్నాయి, టీకప్పు ఒలికింది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కొత్త బ్రేకులకి అలాగే ఉంటుంది. నువ్వు మెర్ల్ దగ్గర ఆగు, నేనొస్తా అన్నాను. పది నిమిషాల దారి."

"మీట సున్నాకి తిప్పావు."

"తిప్పాలి. సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కో అంకే పెంచుకుంటూ, అక్కడే ఖాళీ స్థలంలో చుట్టు తిప్పించి చూడాలి. పద్ధతి అదే. వేలమందికి చేశాను. సున్నాకి తిప్పాను, కోలిన్ పేస్టీలు తెచ్చాడు. వేడి వేడిగా తిందాం, తర్వాత చూద్దువుగాని అన్నాడు. కొక్కెం దగ్గర బండికి చెరో వైపు ఆనుకుని తిన్నాం. ఉత్తరాన చేపలు ఎక్కడ పడతాయో చెప్తున్నాడు. ఈలోగా ట్యాంకరువాడు హారను. కోలిన్ ఉలిక్కిపడి, వస్తాను రా అని ఎక్కేశాడు. నేను చెయ్యి కూడా ఊపాను గ్లెనిస్. చెయ్యి ఊపాను."

"ఎప్పుడు గుర్తొచ్చింది?"

"ఇక్కడికొచ్చి ఈ గోతిలో దిగుతుంటే. ఎనిమిది దాటింది. రేడియో అందుకున్నాను. కోలిన్, పలుకు అన్నాను. మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి పిలిస్తే ఎవరో లారీ డ్రైవరు పలికాడు. 'బాబూ, నువ్వు పిలిచేది తెల్ల కారవాన్నేనా?' అన్నాడు."

బయట రోడ్డు మీద ఏదో బండి వెళ్లింది. అది పోయాక డెంజిల్ మళ్లీ అందుకున్నాడు.

"లాగడానికి నన్నే పిలిచారు. ఎవర్ని పిలుస్తారు ఇంక? అంబులెన్సు వాళ్లు వాణ్ని అటు తీసుకుపోతున్నారు. ఇటు తలుపు లేదు. చెయ్యి పెడితే అందింది. ఆరుకి తిప్పేశాను. ఆలోచించలేదు. మర్చిపోయిన పని పూర్తి చేసినట్టు తిప్పాను. తర్వాత నువ్వొచ్చి అడిగావు, ఎక్కడున్నావని. ఇక్కడే అన్నాను. ఒకసారి అన్నాక ఇంక అదే."

"నీ కోసం అందరితో పోట్లాడాను. మధ్యాహ్నం సంతకం పెట్టాను, నీ పనిలో లోపం లేదని."

"లేదు కదా," అన్నాడు డెంజిల్. గొంతులో గీర లేదు, ఏడుపు లేదు. "వైర్లు చూశావు కదా. నా జన్మలో అంత బాగా ఏ బండికీ చెయ్యలేదు."

గ్లెనిస్ లెక్క వేసుకుంది. మీట మీద అతని వేలిముద్రలు దొరుకుతాయి. బిగించిందే అతను, దొరక్కపోతేనే వింత. రేడియోలో గొంతుకి రికార్డు లేదు. తాను చెప్పినదాని అర్థమేమిటో మెర్ల్‌కే తెలియదు. పేస్టీ తిన్నాడని మనిషిని కోర్టు కట్టెయ్యదు. ప్రపంచంలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరూ ఈ బల్లకి చెరోవైపు ఉన్నారు. నోరు మూసుకుంటే డెంజిల్ రేపు కూడా ఈ గోతిలోకి దిగుతాడు. కోలిన్ మాత్రం వాలులో జోరుగా దిగి చచ్చిన మనిషిగా మిగిలిపోతాడు. నలభై ఏళ్లు ఊరి పిల్లల్ని గీత పడకుండా బడికి చేర్చిన మనిషి.

ఆమె ఫోను మోగింది. సరిగ్గా నాలుగు. ప్రెస్కాట్.

ఫోనుని గొంతు పైకి వినబడేలా చేసి బల్ల మీద, పేస్టీ పక్కన పెట్టింది.

"మీరే గెలిచారు మేడమ్," అంది ప్రెస్కాట్ గొంతు. "పైవాళ్లు మీ కాగితం ఒప్పుకున్నారు. పెత్రిక్ మీద ఏమీ లేదు. డ్రైవరు పొరపాటని రాసి మూసేస్తున్నాను. మీవైపు నుంచి ఇంకేమైనా చెప్పేదుందా?"

గ్లెనిస్ డెంజిల్ని చూసింది. నువ్వా, నేనా అని అడగలేదు. చూస్తూ ఊరుకుంది. డెంజిల్ బల్ల అంచు పట్టుకున్నాడు. అతని చెవులు జుట్టులోంచి కనబడేంత ఎర్రబడ్డాయి.

"మేడమ్?" అన్నాడు ప్రెస్కాట్.

ఎవరూ పలకలేదు.

"హలో, మేడమ్? ఉన్నారా?"

డెంజిల్ పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"ఎవరైనా ఉన్నారా అక్కడ? పలకండి."

బల్ల మీద పేస్టీ చల్లారిపోయింది. గ్లెనిస్ కళ్లు మూసుకుంది.

"హలో?"

నాలుగోసారి పిలిచినప్పుడు డెంజిల్ పలికాడు.